మిడ్ దాకా ఆగకుండా, క్లాసుకు ఏం ఎక్కిందో తెలుసుకోవడం ఎలా

మూడో యూనిట్ సగం క్లాసుకు ఎక్కలేదన్న సంగతి మనకు మిడ్ పేపర్లు దిద్దేటప్పుడు తెలుస్తుంది. అప్పటికి నాలుగో యూనిట్‌లో పడి ఉంటాం. వెనక్కి వెళ్దామంటే సిలబస్ తరుముతుంటుంది. పిల్లలేమో మార్కులు పడిపోయిన పాఠం వైపు మళ్ళీ చూడరు. చివరికి బ్యాక్‌లాగుల లిస్టు చేతికొచ్చాక "ఈ బ్యాచ్ ఇంతే" అనేసుకుంటాం.

ఈ ఆలస్యాన్ని తగ్గించడానికి ఫోనూ ల్యాప్‌టాపూ ఎలా వాడుకోవచ్చో వరసగా చెప్తాను. ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీల్లో అరవై మంది ఉండే సెక్షన్లకు పాఠం చెప్పేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. డబ్బు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్ ఏదీ ఇందులో లేదు. ఉదాహరణకు ఫస్టియర్ బేసిక్ ఎలక్ట్రికల్‌లో డీసీ సర్క్యూట్ల పాఠం తీసుకుంటున్నాను. మీది ఎకనామిక్స్ అయినా, ఫార్మసీ అయినా పద్ధతిలో పెద్ద తేడా ఉండదు.

ఆన్‌లైన్ టెస్టు అనగానే మనవాళ్ళకు మొదట తట్టేది దిద్దే బాధ తప్పుతుందని. తప్పుతుంది, కాదనను. కానీ దానికోసమే అయితే పాత ఓఎంఆర్ షీటు చాలదా? ఫోన్‌లో పెట్టిన ఐదు ప్రశ్నల క్విజ్ వల్ల అసలు లాభం వేరే ఉంది. తప్పు రాసినవాళ్ళు ఏ తప్పు రాశారో, ఆ తప్పు ఎంతమంది రాశారో అదే పూట కళ్ళముందుకొస్తుంది. మార్కుల కాలమ్ కన్నా ఆ తప్పుల కాలమ్ విలువైనది. కింద చెప్పేదంతా దానిచుట్టూనే తిరుగుతుంది.

1. ఏం తెలుసుకోవాలో ఒక్క వాక్యంలో రాసుకోండి

ఆన్‌లైన్ క్విజ్ ఫారం తెరవకముందే ఈ పని కాగితం మీద చేయండి. "కిర్కాఫ్ నియమాలు అర్థమయ్యాయా" అని రాసుకుంటే దాన్నుంచి ప్రశ్న పుట్టదు. "సర్క్యూట్‌లో ఒకచోట మార్పు చేస్తే మిగతాచోట్ల కరెంటు ఎటు మారుతుందో లెక్క వేయకముందే చెప్పగలరా" అని రాసుకుంటే ప్రశ్న సగం తయారైనట్టే.

మనకు కోర్సు అవుట్‌కమ్‌లు (సీవోలు, అంటే కోర్సు అయ్యేసరికి విద్యార్థికి ఏం రావాలో చెప్పే వాక్యాలు) ఉన్నాయి కదా అంటారా? 2014లో భారత్ వాషింగ్టన్ అకార్డ్‌లో (ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే ఒప్పందం) పూర్తి స్థాయి సభ్యదేశమయ్యాక ఎన్‌బీఏ (కోర్సులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) ఫైళ్ళలో సీవోలు లేని కాలేజీ కనబడదు. అయితే వాటిలో చాలావరకు పక్క కాలేజీ ఫైల్లోంచి దిగుమతి అయినవే. అందుకే సీవోను అలాగే పక్కన ఉంచి, ఈ వారం పాఠానికి మీ సొంత మాటల్లో ఒక వాక్యం రాయండి. తర్వాత అది ఏ సీవో కిందికి వస్తుందో నంబరు వేసుకుంటే ఫైలుకూ పనికొస్తుంది.

నేర్చుకోవడంలో ఉండే స్థాయిలకు బ్లూమ్ 1956లో ఇచ్చిన మెట్లు, 2001లో సవరించిన మెట్లు మీకు తెలిసినవే. గుర్తుంచుకోవడం అన్న మొదటి మెట్టు మీద ప్రశ్నలు ఆన్‌లైన్ క్విజ్‌లో పెట్టకండి. నిర్వచనం అడిగితే గూగుల్ చెప్తుంది, విద్యార్థి చెప్పడు.

2. ప్రశ్న రాయడానికే ఎక్కువ టైము పెట్టండి

మొత్తం పనిలో బరువంతా ఇక్కడే ఉంది. బిట్ పేపర్ అలవాటులో మనం కరెక్ట్ జవాబు ఒకటి రాసి, మిగతా మూడూ చేతికొచ్చింది పెట్టేస్తాం. 12 ఓమ్‌లు జవాబైతే 10, 14, 24 అని రాస్తాం. ఎవరైనా 14 ఎంచుకుంటే దాన్నిబట్టి మనకేం తెలిసింది? ఏమీ లేదు.

తప్పు ఆప్షన్ ప్రతిదానికీ వెనక ఒక విద్యార్థి ఆలోచన ఉండాలి. ఈ ప్రశ్న చూడండి.

బ్యాటరీకి ఒకేరకమైన ఏ, బీ అనే రెండు బల్బులు సిరీస్‌లో కలిపి ఉన్నాయి. అలాంటిదే ఇంకో బల్బు సీని, బీకి ప్యారలల్‌గా కలిపాం. బ్యాటరీ ఇంటర్నల్ రెసిస్టెన్స్ లెక్కలోకి తీసుకోవద్దు. ఏ, బీల వెలుగు ఏమవుతుంది?

మొదటి ఆప్షన్: ‘ఏ’ వెలుగు పెరుగుతుంది, బీ వెలుగు తగ్గుతుంది.
రెండోది: ‘ఏ’ వెలుగు మారదు, బీ వెలుగు తగ్గుతుంది.
మూడోది: రెండింటి వెలుగూ తగ్గుతుంది.
నాలుగోది: రెండింటి వెలుగూ మారదు.

సరైనది మొదటిది. రెండోది ఎంచుకున్నవాళ్ళ తలలో ఏముందో చూడండి: బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు ఎప్పుడూ ఒకటే, ‘ఏ’ దాటాకే అది బీ, సీల మధ్య చీలుతుంది, కాబట్టి ‘ఏ’కి మార్పేమీ తెలియదు. మూడోది ఎంచుకున్నవాళ్ళు బల్బు పెరిగితే రెసిస్టెన్స్ పెరుగుతుందనుకుంటున్నారు, ప్యారలల్‌లో తగ్గుతుందన్న విషయం ఫార్ములాగా తెలుసు గానీ మనసుకు ఎక్కలేదు. నాలుగోది ఇంట్లో వైరింగ్ చూసినవాళ్ళ జవాబు. ఫ్యాను వేస్తే లైటు డిమ్ కాదు కదా అన్న అనుభవాన్ని ఇక్కడికి తెచ్చారు. ఆ మూడు తప్పులకూ మూడు వేర్వేరు మందులు కావాలి. సరైన ఆప్షన్‌కు ఒక్క మార్కు ఇచ్చేసి మిగతావాళ్ళందరికీ సున్నా వేస్తే ఆ మూడు గుంపులూ ఒకే సున్నాలో కలిసిపోతాయి.

ఇలాంటి ఆప్షన్లు ఎక్కడ దొరుకుతాయి? కిందటేడు మిడ్ పేపర్లలో. స్టాఫ్‌రూమ్ బీరువాలో కట్టలు కట్టి ఉంటాయి, ఒక కట్ట తీసి తప్పులు మాత్రమే చూస్తూ పోండి. ఒకే తప్పు మళ్ళీ మళ్ళీ కనబడితే అదే మీ రెండో ఆప్షన్. కొత్త కోర్సు అయితే క్లాసులో ముందు అదే ప్రశ్నను ఆప్షన్లు లేకుండా రెండు లైన్ల జవాబుగా రాయించుకోండి, వాటిలోంచి ఏరుకోండి.

ప్రశ్న భాష గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు మన క్లాసుల్లో చాలామందే ఉంటారు. ఇంగ్లిష్‌లో వంకర తిరిగిన వాక్యం పెడితే వాళ్ళు సర్క్యూట్ దగ్గర కాకుండా వాక్యం దగ్గరే పడిపోతారు. ఫారంలో ప్రశ్న కింద డిస్క్రిప్షన్ పెట్టే చోటు ఉంటుంది. అక్కడ తెలుగులో అదే ప్రశ్న రాయండి. "కానిది ఏది", "పైవన్నీ", "పైవేవీ కావు" లాంటివి వదిలేయండి. వాటితో తెలిసేది టెక్నిక్ మాత్రమే.

ఒక క్విజ్‌కు నాలుగైదు ప్రశ్నలు చాలు. ఇరవై పెడితే మీరూ చదవరు, వాళ్ళూ చదవరు.

3. మీ క్లాసుకు సరిపడే సాధనం ఎంచుకోండి

గూగుల్ ఫారమ్స్‌తో మొదలుపెట్టడం తేలిక. పిల్లలందరికీ జీమెయిల్ ఉంటుంది, కొత్తగా నేర్పాల్సింది లేదు, జవాబులు నేరుగా షీటులోకి వస్తాయి. లోటు ఏమిటంటే సమీకరణాలు టైప్ చేసే వీలుండదు. ఇంటిగ్రల్స్, మాట్రిసెస్ ఉన్న ప్రశ్నను వేరేచోట రాసి బొమ్మగా పెట్టాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాలు ఇచ్చిన కాలేజీలో మైక్రోసాఫ్ట్ ఫారమ్స్ వాడండి, పని దాదాపు ఒకేలా ఉంటుంది.

కాలేజీకి సొంత సర్వరు, దాన్ని చూసుకునే మనిషి ఉంటే, కోర్సులూ క్విజ్‌లూ ఆన్‌లైన్‌లో నడిపే మూడుల్ మంచిది. 2002లో మార్టిన్ డూజియామాస్ విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ ఉచితం, ఓపెన్ సోర్స్. లెక్కల సబ్జెక్టులకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. కాలిక్యులేటెడ్ అనే రకం ప్రశ్న పెడితే వోల్టేజీ, రెసిస్టెన్స్ విలువలు ఒక్కో విద్యార్థికి ఒక్కోలా వస్తాయి. పక్కవాడి జవాబు కాపీ కొడితే తప్పవుతుంది. "ఏం విలువ వచ్చింది" అని అడగడం పోయి "ఎలా చేశావు" అని అడగడం మొదలవుతుంది. అది మనకు కావలసిందే.

ఇక ఫోన్లు క్లాసులోకి రానివ్వని కాలేజీలు, మూడో అంతస్తు మూలగదిలో సిగ్నల్ రాని బ్లాకులు మనకు కొత్త కాదు. అక్కడ ప్లికర్స్ కార్డులు వాడండి. ప్రింట్ తీసిన నలుపు తెలుపు కార్డు ఒక్కొక్కరికి ఇస్తారు. ఒక్కో కార్డు మీద బొమ్మ ఒక్కోలా ఉంటుంది. దాని నాలుగు అంచులకూ ఏ, బీ, సీ, డీ అని చిన్న అక్షరాలుంటాయి. వాటిలో ఏది పైకి వచ్చేలా పట్టుకుంటే అదే జవాబు. మీరు మీ ఫోన్ కెమెరాతో క్లాసంతా ఒకసారి తిప్పితే ఎవరు ఏం చెప్పారో నమోదవుతుంది. ఫోను ఉండాల్సింది మీ ఒక్కరి చేతిలోనే. అక్షరాలు చిన్నవి, బొమ్మలు వేరు కాబట్టి పక్కవాళ్ళను చూసి తిప్పే వీలుండదు. మెరిసే లామినేషన్ మాత్రం చేయించకండి, ట్యూబ్‌లైటు వెలుగు పడి కెమెరా చదవదు. మామూలు మందం కాగితం చాలు, ఒక సెట్టుతో అన్ని సెక్షన్లూ నడుస్తాయి.

4. ఫారం సెట్టింగుల్లో మరిచిపోకూడనివి

గూగుల్ ఫారంలో సెట్టింగ్స్‌కు వెళ్ళి "మేక్ దిస్ ఎ క్విజ్" ఆన్ చేయండి. మార్కుల విడుదల దగ్గర రెండు దారులుంటాయి: జవాబు పంపగానే చూపడం, తర్వాత మీరు చూసి విడుదల చేయడం. రెండోది పెట్టండి. మొదటిది పెడితే ముందు రాసినవాళ్ళ స్క్రీన్‌షాట్ సెక్షన్ వాట్సాప్ గ్రూపులో పడటానికి నిమిషం పట్టదు.

ఒక్కరికి ఒక్క జవాబే అన్న సెట్టింగ్ ఆన్ చేస్తే గూగుల్ లాగిన్ తప్పనిసరి అవుతుంది, కాబట్టి ఈమెయిల్ కూడా సేకరించండి. ప్రశ్నల వరస మార్చే సెట్టింగ్ ప్రెజెంటేషన్ భాగంలో ఉంటుంది. ఆప్షన్ల వరస మార్చడం మాత్రం ప్రతి ప్రశ్నకూ విడిగా, మూలనున్న మూడు చుక్కల మెనూలో చేయాలి. చాలామంది మొదటిది చేసి రెండోది వదిలేస్తారు.

హాల్‌టికెట్ నంబరు టైప్ చేయమని అడగకండి. ఒకరు పెద్దక్షరాల్లో, ఒకరు చిన్నక్షరాల్లో, ఇంకొకరు మధ్యలో ఖాళీ వదిలి రాస్తారు. సున్నాకు బదులు ఓ అక్షరం కొట్టేవాళ్ళూ ఉంటారు. తర్వాత అటెండెన్స్ షీటుతో కలపబోతే సగం కలవవు. డ్రాప్‌డౌన్ పెట్టి, ఎక్సెల్‌లో ఉన్న రోల్ లిస్టు కాలమ్‌ను కాపీ చేసి మొదటి ఆప్షన్‌లో పేస్ట్ చేయండి, ఒక్కో నంబరూ ఒక్కో ఆప్షన్‌గా దానంతటదే పడిపోతుంది.

ప్రతి ప్రశ్న కింద ఇంకో చిన్న ప్రశ్న చేర్చండి: "ఈ జవాబు మీద మీకెంత నమ్మకం? ఊహించాను, కొంచెం నమ్మకం, ఖాయం." దానికి మార్కులు వద్దు. ఇది పెడితే ప్రశ్నల వరస మార్చే సెట్టింగ్ ఆపేయండి, లేకపోతే ఇది తన ప్రశ్న నుంచి విడిపోతుంది. ఇది ఎందుకో ఆరో అంచెలో తెలుస్తుంది. మూడుల్‌లో అయితే ఈ నమ్మకాన్ని మార్కుల్లోకి తెచ్చే పద్ధతి ఇన్‌బిల్ట్‌గా ఉంది. ఖాయం అని చెప్పి రైట్ అయితే 3, తప్పయితే మైనస్ 6. మధ్యస్థంగా ఉంటే 2, మైనస్ 2. నమ్మకం తక్కువని చెప్తే రైటుకు 1, తప్పుకు సున్నా. ఇంటర్నల్స్‌కు దీన్ని వాడమని నేను చెప్పను, ప్రాక్టీసు టెస్టులకు మాత్రం బాగుంటుంది.

5. క్లాసులో నడిపించే తీరు

పీరియడ్ మొదటి పది నిమిషాలు గానీ, చివరి పది నిమిషాలు గానీ. మొదట్లో పెడితే నిన్నటి పాఠం ఎంత నిలిచిందో తెలుస్తుంది, నాకు అదే నచ్చుతుంది. చివర్లో పెడితే అప్పుడే విన్నది కాబట్టి అందరికీ వచ్చినట్టే కనబడుతుంది, రెండు రోజులకు ఆవిరైపోతుంది. చదివినదాన్ని మళ్ళీ చదవడం కన్నా గుర్తు తెచ్చుకుని రాయడం వల్ల ఎక్కువ కాలం నిలుస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగాల్లో తేలింది. అంటే ఈ క్విజ్ కొలిచే పనే కాదు, చదివించే పని కూడా చేస్తోంది.

లింకును ముందురోజు రాత్రి గ్రూపులో పెట్టకండి. క్లాసులో బోర్డు మీద క్యూఆర్ కోడ్ చూపించండి. వైఫై మీద అరవై ఫోన్లు ఒక్కసారి పడితే మొరాయిస్తుంది. మొబైల్ డేటా ఉన్నవాళ్ళు దానితో రాయండి అని చెప్పి, లేనివాళ్ళకు వైఫై వదిలిపెట్టండి. బొమ్మలు చిన్న సైజులో ఉండాలి. నాలుగైదు ప్రింట్లు తీసి దగ్గర పెట్టుకోండి. ఫోన్ లేనివాళ్ళు, చార్జింగ్ అయిపోయినవాళ్ళు కాగితం మీద రాస్తారు, మీరు తర్వాత ఎక్కించుకుంటారు. "ఫోన్ లేదా?" అని క్లాసులో గట్టిగా అడగకండి. లేనివాళ్ళెవరో క్లాస్ రిప్రజెంటేటివ్‌ను పిలిచి విడిగా కనుక్కుంటే చాలు.

ఒక ప్రశ్నకు చర్చ చేర్చాలనుకుంటే హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి పాటించండి. ముందు ఎవరికివారు జవాబివ్వాలి. రైట్ చెప్పినవాళ్ళు సుమారు 30 శాతానికీ 70 శాతానికీ మధ్య ఉంటే, జవాబు చెప్పకుండా "పక్కవాళ్ళను ఒప్పించండి" అని రెండు నిమిషాలు వదిలేయండి. తర్వాత మళ్ళీ ఓటింగ్. 30 కన్నా తక్కువైతే వాళ్ళ మధ్య చర్చకు సరుకు లేదు, మీరే మళ్ళీ చెప్పాలి. 70 దాటితే ఒక మాట చెప్పి ముందుకెళ్ళండి. గోల అవుతుంది. పక్క క్లాసు సార్ వచ్చి తొంగిచూస్తారు. అవనివ్వండి.

6. షీటు చదవడం

రెస్పాన్సెస్ ట్యాబ్ తెరిస్తే సగటు మార్కు, ఎక్కువమంది తప్పిన ప్రశ్నల లిస్టు పైనే కనబడతాయి. అక్కడ ఆగిపోకండి. ప్రతి ప్రశ్నకూ ఏ ఆప్షన్‌కు ఎంతమంది అన్న బార్లు కిందికి వెళ్తే ఉంటాయి.

మన బల్బుల ప్రశ్నకు 60 మందిలో మొదటి ఆప్షన్ 21 మంది, రెండోది 24 మంది, మూడోది 9 మంది, నాలుగోది 6 మంది ఎంచుకున్నారనుకుందాం. 35 శాతం పాస్ అని చదివితే "పాఠం మళ్ళీ చెప్పాలి" అనిపిస్తుంది. ఆప్షన్లు చదివితే తెలిసేది వేరు. రైట్ రాసినవాళ్ళకన్నా రెండో ఆప్షన్ రాసినవాళ్ళే ఎక్కువ. వాళ్ళకు ఓమ్ నియమం తెలుసు, ప్యారలల్ చీలిక తెలుసు. ఒక్క నమ్మకం తప్పు: బ్యాటరీ ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుందని. పాఠం మొత్తం మళ్ళీ చెప్పనక్కర్లేదు, ఆ ఒక్కచోట కొట్టాలి.

ఇప్పుడు నమ్మకం కాలమ్ కలపండి. షీటులో పివట్ టేబుల్ పెట్టి, వరసల్లో ఆప్షన్, నిలువుల్లో నమ్మకం వేస్తే ఒక్క పట్టిక వస్తుంది. తప్పు రాసి "ఊహించాను" అన్నవాళ్ళ గురించి బెంగ అక్కర్లేదు, వాళ్ళకు రాదని వాళ్ళకే తెలుసు, చదువుకుంటారు. తప్పు రాసి "ఖాయం" అన్నవాళ్ళు పరీక్షకు కూడా ఈ పాఠం తెరవరు. మీరు పట్టుకోవాల్సింది వాళ్ళనే. రైట్ రాసి "ఊహించాను" అన్నవాళ్ళను రైట్ లెక్కలో వేసుకోకండి.

తర్వాత ప్రశ్నకే పరీక్ష పెట్టండి. మొత్తం మార్కుల వరసలో విద్యార్థులను అమర్చి, పైనుంచి 27 శాతం, కిందనుంచి 27 శాతం తీసుకోండి. 60 మందిలో అయితే పైన 16, కింద 16. పైవాళ్ళలో ఆ ప్రశ్న రైట్ చేసినవాళ్ళ సంఖ్యలోంచి కిందివాళ్ళ సంఖ్య తీసేసి 16తో భాగించండి. పైన 13, కింద 5 అయితే 0.5 వస్తుంది. 0.3 దాటితే ప్రశ్న బాగున్నట్టు. 0.2 కన్నా తగ్గితే ప్రశ్నను మళ్ళీ చదవండి. సున్నా కన్నా కిందికి పోతే, అంటే చురుకైనవాళ్ళే ఎక్కువమంది తప్పు చేస్తే, పదికి తొమ్మిదిసార్లు తప్పు ఆన్సర్ కీలోనే ఉంటుంది. లేదా ప్రశ్నకు రెండు అర్థాలొస్తున్నాయి, తెలివైనవాళ్ళు రెండో అర్థం పట్టుకున్నారు. మూడుల్‌లో ఇలాంటి లెక్కలు స్టాటిస్టిక్స్ రిపోర్టులో తయారుగా ఉంటాయి. ఐదు ప్రశ్నల క్విజ్‌కు ఈ అంకెలు ఊగుతాయి కాబట్టి వాటిని వేదవాక్కు అనుకోకండి, ఎక్కడ చూడాలో చెప్పే చూపుడువేలు అనుకోండి.

7. మర్నాటి పీరియడ్‌లో పది నిమిషాలు

ఇది చేయకపోతే పైన చేసిందంతా దండగ. పిల్లలు మూడో క్విజ్ దాకా చూస్తారు. జవాబులు ఎటు పోతున్నాయో తెలియకపోతే నాలుగోదానికి కళ్ళు మూసుకుని నొక్కుతారు.

బార్ల బొమ్మను బోర్డు మీద వేయండి, పేర్లు లేకుండా. "24 మంది ఇలా అనుకున్నారు, అలా అనుకోవడానికి కారణముంది" అని మొదలుపెట్టండి. ఆ తర్వాత అంకెలతో చూపండి. బ్యాటరీ 6 వోల్టులు, బల్బు ఒక్కోటి 6 ఓమ్‌లు. మొదట మొత్తం 12 ఓమ్‌లు, కరెంటు 0.5 ఆంపియర్, ఏకి 3 వోల్టులు, బీకి 3. సీ కలిపాక బీ, సీ కలిసి 3 ఓమ్‌లు, మొత్తం 9. కరెంటు 0.67 ఆంపియర్. ఏకి 4 వోల్టులు, బీకి 2. బ్యాటరీ ఇచ్చే కరెంటు మారింది, ‘ఏ’ వెలుగు పెరిగింది. ల్యాబ్‌లో మూడు బల్బులు దొరికితే ఇంకా మంచిది. దొరక్కపోతే కొలరాడో యూనివర్సిటీ వాళ్ళ ఫెట్ సిమ్యులేషన్‌లో సర్క్యూట్ కట్టి చూపండి, ఉచితమే.

వారం తర్వాత బొమ్మ మార్చి, అంకెలు మార్చి అదే ఆలోచనను మళ్ళీ అడగండి. రెండో ఆప్షన్ 24 నుంచి ఎంతకు దిగిందన్నదే మీ పది నిమిషాల ఫలితం.

8. అసైన్‌మెంట్లు, ఏఐ గొడవ

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటినుంచి ఇంటికిచ్చిన రాతపని ఎవరు రాశారో చెప్పడం కష్టమైంది. ఏఐ పట్టేసే సాఫ్ట్‌వేర్ కొందామని కొన్ని కాలేజీలు చూస్తున్నాయి. నా సలహా, దాని మీద ఆధారపడి ఎవరికీ సున్నా వేయకండి. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ సొంతంగా ఇలాంటి డిటెక్టర్ ఒకటి తెచ్చి, ఖచ్చితత్వం తక్కువని 2023 జులైలో దాన్ని తీసేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లను పరీక్షిస్తే, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళు సొంతంగా రాసిన టోఫెల్ (ఇంగ్లిష్ పరీక్ష) వ్యాసాల్లో సగటున సగానికి పైగా ఏఐ రాసినవే అని అవి తేల్చాయి. మన పిల్లలు రాసేది అలాంటి ఇంగ్లిషే. నేర్చుకున్న నాలుగు వాక్య నిర్మాణాలతో జాగ్రత్తగా రాసినవాణ్ణే మెషీన్ దొంగ అంటుంది.

దానికి బదులు పని జరిగిన తీరు చూడండి. గూగుల్ డాక్‌లో రాయించి ఎడిట్ హక్కుతో షేర్ చేయించుకుంటే వెర్షన్ హిస్టరీలో ఏ రోజు ఏ పేరా వచ్చిందో కనబడుతుంది. రెండు పేజీలు ఒక్క నిమిషంలో ఊడిపడితే అడగాల్సిన ప్రశ్న ఉందన్నమాట, శిక్ష వేయాలని కాదు. ఊళ్ళో నెట్ లేక కాగితం మీద రాసుకుని ఒక్కసారే ఎక్కించినవాళ్ళూ ఉంటారు.

ఇంకా తేలికైనది వాయిస్. రాతపనితో పాటు రెండు నిమిషాల ఆడియో అడగండి: "మూడో స్టెప్పులో ఈ సమీకరణమే ఎందుకు వాడావు, తెలుగులో చెప్పు." ఫారంలో ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న పెట్టొచ్చు, ఆ ఫైళ్ళు మీ డ్రైవ్‌లోకి వస్తాయి, జాగా చూసుకోండి. నడుస్తూ కూడా వినొచ్చు. రాసిందాన్ని చదివి చెప్తున్నారో, అర్థమై చెప్తున్నారో గొంతులోనే తెలిసిపోతుంది. అనుమానం మిగిలినవాళ్ళతో ల్యాబ్ పీరియడ్‌లో మూడు నిమిషాల వైవా పెట్టండి.

9. మార్కులు, గోప్యత, ఫైలు

జేఎన్టీయూ హైదరాబాద్ ఆర్22 రెగ్యులేషన్‌లో ఇంటర్నల్స్ 40, ఎక్స్‌టర్నల్ 60. మీ యూనివర్సిటీ లెక్క ఏదైనా, వారంవారీ క్విజ్‌లకు అసైన్‌మెంట్ కోటాలోంచి కొంచెమే ఇవ్వండి. ఎక్కువ పెడితే కాపీ మొదలవుతుంది, మీకొచ్చే సమాచారం చెడిపోతుంది. రాసినందుకు మార్కు, రైటయినందుకు కాదు అన్నా తప్పులేదు. ఐఐటీల వాళ్ళ ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్ 12 వారాల కోర్సుల్లో బాగా చేసిన 8 అసైన్‌మెంట్లనే తీసుకుంటారు. మీరూ రెండు మూడు వదిలేస్తే జ్వరం వచ్చినవాళ్ళు, నెట్ రానివాళ్ళు మీ క్యాబిన్ ముందు నిలబడే పని ఉండదు.

వెబ్‌క్యామ్‌తో కాపలా కాసే ప్రాక్టరింగ్ సాఫ్ట్‌వేర్ ఈ స్థాయి క్విజ్‌కు అనవసరం.

కంటిచూపు లేని విద్యార్థి ఉంటే ప్రశ్నను బొమ్మగా పెట్టకండి, తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ బొమ్మలోని అక్షరాలు చదవలేకపోవచ్చు. సర్క్యూట్‌ను మాటల్లో వర్ణించండి, పైన బల్బుల ప్రశ్న అలాగే రాశాం చూడండి. వైకల్యం ఉన్నవాళ్ళకు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు టైము ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు చెప్తున్నాయి. మూడుల్‌లో ఒక్కరికే టైము పెంచే సౌకర్యం ఉంది.

మార్కుల షీటు మొత్తాన్ని పీడీఎఫ్ చేసి సెక్షన్ గ్రూపులో పెట్టే అలవాటు మానుకోండి. ఫారంలో రిలీజ్ నొక్కితే ఎవరి మార్కులు వాళ్ళ మెయిల్‌కే వెళ్తాయి. షీటు లింకు "ఎవరైనా చూడొచ్చు" అన్న సెట్టింగులో ఉండిపోయిందేమో కూడా ఒకసారి చూసుకోండి.

సెమిస్టర్ అయ్యాక ప్రతి ప్రశ్ననూ ఒక షీటులోకి చేర్చండి. ప్రశ్న, సీవో నంబరు, ఎంత శాతం రైట్, పైవాళ్ళకూ కిందివాళ్ళకూ తేడా, ప్రతి తప్పు ఆప్షన్ వెనకున్న ఆలోచన, దానికి మీరు చేసిన వైద్యం. ఎవరూ ఎంచుకోని ఆప్షన్ కొట్టేసి కొత్తది రాయండి. వచ్చే ఏడు ఆ సబ్జెక్టు మీకు రాకపోవచ్చు, టైమ్‌టేబుల్ వేసేది మనం కాదు కదా. ఎవరికి వస్తే వాళ్ళకు ఆ షీటు ఇచ్చేయండి. విద్యార్థుల పేర్లు, నంబర్లు ఉన్న ట్యాబులు మాత్రం ముందే తీసేయండి.